డిస్కు మార్చాలా, ప్యాడ్లు చాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బ్రేకుల గురించే. సెలవుల్లో కొండలెక్కి దిగిన కార్లూ, వానలకు ముందు సర్వీసింగుకు వెళ్లిన కార్లూ ఒక్కసారే బిల్లులు చూపించినట్టున్నాయి. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి, ఈ శీర్షిక మొత్తాన్నీ డిస్కులకూ ప్యాడ్లకూ ఇస్తున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా చక్రాలు విప్పుతున్నవాణ్ణి. ఇంజను పనిలో పొరపాటు జరిగితే కారు ఆగిపోతుంది. బ్రేకు పనిలో పొరపాటు జరిగితే కారు ఆగదు. ఆ తేడా మనసులో పెట్టుకునే ఈ జవాబులు రాశాను.

ప్ర: నాది 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 52 వేల కిలోమీటర్లు తిరిగింది. సర్వీసుకు ఇస్తే ముందు ప్యాడ్లతో పాటు రెండు డిస్కులూ మార్చాలన్నారు. మా వీధి మెకానిక్కేమో డిస్కులు నిక్షేపంలా ఉన్నాయి, లేత్ పట్టిస్తే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

జ: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇద్దరిలో ఎవరూ కొలిచినట్టు ఎక్కడా లేదు. కొలవకుండా చెప్పే మాట అటు సర్వీసు సెంటరుదైనా, ఇటు వీధి చివరి షెడ్డుదైనా ఒకటే.

ప్రతి డిస్కు మీదా దాని కనీస మందం రాసి ఉంటుంది. మధ్యలో టోపీలా ఉబ్బిన భాగం మీదో, బయటి అంచు చుట్టూనో ‘మిన్ టిహెచ్’ అనే అక్షరాలూ, పక్కన మిల్లీమీటర్లలో ఒక సంఖ్యా కనిపిస్తాయి. తుప్పు కప్పేస్తే వైర్ బ్రష్‌తో రుద్దితే తేలుతుంది. చాలా కార్లలో కొత్త డిస్కుకూ ఈ కనీస మందానికీ మధ్య తేడా 2 మిల్లీమీటర్లే. డిస్కు ఆయువంతా ఆ రెండు మిల్లీమీటర్లలోనే ఉంది. అంతకంటే పలచబడితే డిస్కు వేడిని పట్టుకోలేదు, పగుళ్లకు లోనవుతుంది. పైగా ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్‌లోని పిస్టన్ ఉండాల్సినదానికంటే ఎక్కువ బయటికి రావాల్సి వస్తుంది.

కొలవడంలో ఒక చిక్కుంది. ప్యాడ్ రాసుకునే మేర డిస్కు అరిగిపోతుంది, రాసుకోని బయటి అంచు మాత్రం గట్టులా నిలబడిపోతుంది. గోరుతో లోపలి నుంచి బయటికి గీరితే ఆ గట్టు తగులుతుంది. మామూలు వెర్నియర్‌తో పట్టుకుంటే దాని దవడలు ఆ గట్టు మీద కూర్చుని, అరగని మందాన్నే చూపిస్తాయి. నిక్షేపంలా ఉందన్న మాట చాలాసార్లు ఇలాగే పుడుతుంది. మైక్రోమీటర్ ఉంటే గట్టు దాటి లోపల కొలవొచ్చు. లేకపోతే మా షెడ్డులో కుర్రాళ్లకు నేర్పే పద్ధతి ఒకటుంది. ఒకే రకం రూపాయి బిళ్లలు రెండు తీసుకుని, డిస్కుకు చెరో పక్కన అరిగిన చోట ఆనించి, వాటిమీదుగా వెర్నియర్ పట్టాలి. వచ్చిన కొలతలోంచి రెండు బిళ్లల మందం తీసేస్తే అసలు సంగతి బయటపడుతుంది. డిస్కు చుట్టూ ఏడెనిమిది చోట్ల కొలవండి. తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

ఇక నిర్ణయం. ఉదాహరణకు మీ డిస్కు కనీస మందం 20 అనుకుందాం. కొలత 21.5 వచ్చి, ముఖం నున్నగా ఉంటే కొత్త డిస్కు అక్కర్లేదు, లేతూ అక్కర్లేదు. 120 నంబరు ఎమరీ పేపరుతో సున్నాలు చుట్టినట్టు తేలిగ్గా రుద్ది, కొత్త ప్యాడ్లు వేయించుకోండి. 21 ఉండి గాళ్లు పడ్డాయనుకోండి, లేత్ మీద ఒక్కో పక్క పావు మిల్లీమీటరు తీసినా 20.5కి వస్తుంది. మిగిలే ఆ అర మిల్లీమీటరు కొత్త ప్యాడ్లు అరిగేలోపే అయిపోతుంది. లేత్ కూలీ దండగ. అక్కడ డిస్కు మార్చడమే మేలు. 20.3 దగ్గర ఉంటే ఇక ఆలోచించే పనే లేదు. నా లెక్క ఇది: లేత్ పట్టాక కనీస మందం మీద ఒక మిల్లీమీటరైనా మిగలాలి, లేదంటే లేత్ జోలికి పోవద్దు.

మారిస్తే ఒక ఇరుసు మీది రెండు చక్రాలకూ కలిపే మార్చాలి, డిస్కులైనా ప్యాడ్లైనా. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే బ్రేకు తొక్కినప్పుడు కారు పక్కకు లాగుతుంది. నేను చూసిన కార్లలో మామూలుగా ఒక జత డిస్కులు రెండు జతల ప్యాడ్లకు వస్తాయి. 52 వేలకే మీ డిస్కులు నిజంగా పోయాయంటే కాలిపర్ జారే స్లైడ్ పిన్నులు బిగుసుకున్నాయేమో చూడమనండి. విప్పినప్పుడు లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగి, బయటి ప్యాడ్ సగం మిగిలి ఉంటే రోగం అదే. పిన్నులు శుభ్రం చేసి బ్రేకులకని అమ్మే గ్రీజు రాయకుండా ఎంత ఖరీదైన ప్యాడ్లు వేసినా ఆరు నెలల్లో కథ మళ్లీ మొదటికొస్తుంది. బేరింగులకు వాడే మామూలు గ్రీజు రాయనివ్వకండి, రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి.

ప్ర: ప్యాడ్ల ధర ఒక దుకాణంలో 900, ఇంకో దుకాణంలో 1,900, సిరామిక్ అని చెప్పి మరో చోట 3,500. అన్నీ మా కారువే అంటున్నారు. సిరామిక్ వేస్తే కారు తొందరగా ఆగుతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జ: సిరామిక్ అన్నంత మాత్రాన తొందరగా ఆగదు. ఈ అపోహ బాగా పాతుకుపోయింది. సిరామిక్ ప్యాడ్లలో మంచివి చప్పుడు తక్కువ చేస్తాయి, చక్రాలకు నల్లటి పొడి తక్కువ అంటిస్తాయి, డిస్కును నెమ్మదిగా అరగదీస్తాయి. ఊళ్లో ఆఫీసుకు తిరిగే కారుకు అవి సుఖం. సెమీ మెటాలిక్ ప్యాడ్లలో ఉక్కు నార, ఇనప పొడి ఎక్కువ. వేడిని బాగా లాగేస్తాయి, నిండా బరువుతో ఘాట్ రోడ్లు తిరిగే బండికి పనికొస్తాయి. కానీ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కాస్త కీచుమంటాయి, డిస్కును తొందరగా తింటాయి. ఆర్గానిక్ రకం మెత్తగా, నిశ్శబ్దంగా ఉంటుంది. ఎక్కువ వేడికి మాత్రం తట్టుకోలేదు. మీ కారుకు ఫ్యాక్టరీలో ఏ రకం వేశారో ఆ రకమే వేయించడం నూటికి తొంభై మందికి సరైన దారి. ఏబీఎస్ కూడా ఆ పట్టు చూసుకునే లెక్కగట్టి పెట్టింది.

ప్యాడ్ అంచు మీదో, వెనక రేకు మీదో అచ్చువేసిన అక్షరాలు చూడండి. చివర్లో ‘ఎఫ్‌ఎఫ్’, ‘ఎఫ్‌ఈ’, ‘జీజీ’ లాంటి జంట అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. ‘ఈ’ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జీ’ అంటే 0.45 నుంచి 0.55. ‘ఎఫ్‌ఈ’ అని ఉంటే వేడెక్కేకొద్దీ పట్టు సడలుతుందని అర్థం. ఇది చిన్న ముక్క మీద చేసే ప్రయోగశాల పరీక్ష మాత్రమే, మొత్తం ప్యాడ్ గుణానికి యోగ్యతాపత్రం కాదు. అంతకంటే నేను ఎక్కువ నమ్మేది వలయంలో ‘ఈ’ అక్షరం, ఒక అంకె, దాని పక్కన ‘90ఆర్’ అని మొదలయ్యే సంఖ్య. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 90వది ఇది. ఈ ముద్ర ఉన్న ప్యాడ్ పనితనం ఒరిజినల్ ప్యాడ్‌కు 15 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదు.

900 ప్యాడ్ల గురించి ఒక అనుభవం చెప్తాను. చాలా ఏళ్ల క్రితం ఒక కస్టమరు తానే కొని తెచ్చిన ప్యాడ్లు బిగించాను. డబ్బా మీద పెద్ద కంపెనీ పేరే ఉంది. వానాకాలం దాటాక కారు మళ్లీ వచ్చింది, ముందు చక్రంలో ఇనుము మీద ఇనుము రాసుకున్న మోత. విప్పితే రాపిడి దిమ్మ మొత్తంగా వెనక రేకు నుంచి ఊడిపోయి, కాలిపర్‌లో ముక్కలై ఉంది. రేకుకూ దిమ్మకూ మధ్య తుప్పు పొర పొరలుగా లేచింది. అతికించే ముందు రేకును శుభ్రం కూడా చేయలేదన్నమాట. ఆ కారులో ఇద్దరు చిన్నపిల్లలు రోజూ బడికి వెళ్తారు. ఆ రోజు నుంచి కస్టమరు తెచ్చిన ప్యాడ్లను బిల్లు చూడకుండా బిగించడం మానేశాను.

కొనేటప్పుడు ఆర్సీలోని చాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు తీయించండి. ఒకే మోడల్లో డీజిల్‌కొకటి, పెట్రోల్‌కొకటి, వేరియంటుకొకటి వేరే సైజు బ్రేకులుండటం మామూలే. కారు పేరు చెబితే చాలదు. బిల్లు తప్పకుండా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే, వెనకటి 28 లేదు. బిల్లు వద్దంటే తగ్గిస్తామనే మాటకు లొంగితే, రేపు సరుకు నకిలీదని తేలినా అడగడానికి చేతిలో కాగితం ముక్క ఉండదు.

ప్ర: రంధ్రాలు, గీతలు ఉన్న స్పోర్ట్స్ డిస్కులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. నా సెడాన్‌కు వేయిద్దామనుకుంటున్నా. బ్రేకింగ్ పెరుగుతుందా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జ: పెరగదు. వెనకటి ప్యాడ్లు బాగా కాగినప్పుడు వాయువులు వదిలేవి, అవి బయటికి పోవడానికని రంధ్రాలు పెట్టేవారు. ఇప్పటి ప్యాడ్లకు ఆ బాధ చాలా తక్కువ. రంధ్రం పెడితే వేడిని దాచుకునే ఇనుము ఆ మేరకు తగ్గుతుంది. చవక రకాల్లో రంధ్రం అంచు నుంచే సన్నటి పగుళ్లు మొదలవుతాయి. గీతలున్నవి కొంత నయం, వాననీటినీ పొడినీ తుడుస్తాయి, కానీ ప్యాడ్లను తొందరగా అరగదీస్తాయి. ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టండి. కారును ఆఖరికి ఆపేది రోడ్డును పట్టుకున్న ఆ నాలుగు అరచేతులంత రబ్బరే. మధ్యలో గాలి పోయే సందులున్న సాదా డిస్కు, కంపెనీ సైజుది, మీ కారుకు సరిపోతుంది.

ప్ర: తిరుమల నుంచి దిగుతుండగా చివరి మలుపుల దగ్గర కాలిన వాసన వచ్చింది. బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. మావారు గబగబా నాలుగుసార్లు తొక్కితే ఆగింది. మర్నాటికి అంతా మామూలే. మెకానిక్ చూసి ప్యాడ్లు బాగానే ఉన్నాయి, భయం లేదన్నాడు. నిజమేనా?
– ఒక ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం

జ: భయం ఉందమ్మా. ఆ కారును బ్రేకు ఆయిల్ మార్చకుండా ఇంకో కొండ ఎక్కించకండి.

అక్కడ జరిగిందేమిటో చెప్తాను. తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. కుటుంబంతో నిండిన కారు బరువు 1,300 కిలోలు అనుకుంటే, అది కిందికి దిగేటప్పుడు పోగొట్టుకోవాల్సిన శక్తితో పాతిక లీటర్లకు పైగా నీళ్లు కుతకుతా మరిగించవచ్చు. ఇంజను సాయం తీసుకోకుండా దిగితే ఆ వేడిలో చాలా భాగం చక్రాల దగ్గరి డిస్కుల్లోకే పోవాలి. అక్కడి నుంచి ప్యాడ్‌కు, ప్యాడ్ నుంచి పిస్టన్‌కు, పిస్టన్ నుంచి దాని వెనకున్న బ్రేకు ఆయిల్‌కు పాకుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155. డాట్ 3 అయితే 205 నుంచి 140కి పడిపోతుంది. ఆయిల్ మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు కాబట్టే బ్రేకు పనిచేస్తుంది, ఆవిరి నలుగుతుంది. పెడల్ మెత్తబడింది అందుకే. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైపోయింది, మర్నాడు మీ మెకానిక్‌కు ఏమీ కనిపించలేదు. ఆయన్ను తప్పుపట్టడం లేదు, ఆయన చూసిన చోట నిజంగానే ఏమీ లేదు.

పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అది వేరే సంగతి. అప్పుడు ప్యాడ్ కాగి పట్టు వదిలేసిందన్నమాట. మీ ఉత్తరంలో వాసన సంగతి కూడా ఉంది కాబట్టి ప్యాడ్లు బయటికి తీయించి ముఖం చూడమనండి. అద్దంలా మెరుస్తూ గాజు పొర కట్టినట్టుంటే, ఎంత మందం మిగిలినా మార్చాల్సిందే. ఆయిల్ మాత్రం మొత్తం తీసేసి కొత్తది పోయించండి. ఏ రకం పోయాలో కారులోని బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. ఆ తర్వాత ప్రతి రెండేళ్లకూ మార్పించండి, కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న దానితో సంబంధం లేదు.

దిగే పద్ధతి మీవారికి నా మాటగా చెప్పండి. తిరుమల కొండ నుంచి దిగే పాత ఘాట్ రోడ్డయినా, అరకు నుంచి అనంతగిరి మీదుగా దిగినా, శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగినా సూత్రం ఒకటే. రెండో గేరులోనో మూడో గేరులోనో పెట్టి ఇంజను పట్టు మీద దిగాలి. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగిలిందని సంబరపడేవాళ్లను చూస్తుంటే నాకు గుండె జారిపోతుంది. ఆటోమేటిక్ కారయితే ‘ఎల్’ గానీ మాన్యువల్ పద్ధతి గానీ వాడాలి. బ్రేకు మీద అదే పనిగా కాలు ఆనించి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు గట్టిగా ఒకసారి తొక్కి వదిలేయాలి. వాసన వస్తే వీలున్న చోట పక్కకు ఆపి అరగంట చల్లారనివ్వాలి. డిస్కుల మీద నీళ్లు మాత్రం పోయకండి, కాగిన పోత ఇనుము పగిలిపోతుంది.

ప్ర: కొత్త డిస్కులు, ప్యాడ్లు వేయించి నాలుగు నెలలు కాలేదు. 80 మీద వెళ్తూ బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. డిస్కులు వంకరపోయాయంటున్నారు. సరుకు నాసిరకమా?
– ఒక వ్యాపారి, కరీంనగర్

జ: సరుకును తిట్టే ముందు బిగించిన తీరు చూడాలి. వంకర అని అందరూ అనేది చాలాసార్లు వంకర కాదు. డిస్కు మందం చుట్టూ ఒకేలా లేకపోవడం. వెంట్రుక మందంలో నాలుగో వంతు తేడా వచ్చినా చేతికి తెలుస్తుంది.

అది ఎలా వస్తుందంటే, పాత డిస్కు తీశాక హబ్ ముఖం మీద తుప్పు పెచ్చులుంటాయి. వాటిని గీకకుండా కొత్త డిస్కు కూర్చోబెడితే అది రవ్వంత ఏటవాలుగా నిలుస్తుంది. తిరిగేటప్పుడు ప్రతి చుట్టుకూ ఒకే చోట ప్యాడ్‌కు తాకుతుంది, బ్రేకు తొక్కకపోయినా సరే. మూడు నాలుగు వేల కిలోమీటర్లకు అక్కడ అరుగుతుంది. మీ నాలుగు నెలల లెక్క కూడా దాదాపు అక్కడికే వస్తుంది. ఎయిర్ గన్‌తో చక్రం నట్లను ఒకదాన్ని ఎక్కువగా, ఒకదాన్ని తక్కువగా బిగించినా ఇదే ఫలితం. మీ మెకానిక్‌ను డయల్ గేజ్ పెట్టి డిస్కు ఊగిసలాట చూడమనండి. ఎక్కువ కంపెనీలు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల దాకానే ఒప్పుకుంటాయి. అంతకు మించితే హబ్ శుభ్రం చేసి, మందం సరిపడా ఉంటే డిస్కును కారు మీదే లేత్ పట్టించవచ్చు.

ఇంకో కారణం కూడా ఉంటుంది. కొత్త జతను కుదుర్చుకోకుండానే హైవే ఎక్కి, ఒక్కసారి గట్టిగా తొక్కి, సిగ్నల్ దగ్గర కాలు అలాగే ఉంచితే కాగిన ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకేచోట అచ్చు పడుతుంది. కొత్తగా వేయించినప్పుడు ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 దాకా ఓ మాదిరిగా తొక్కుతూ, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు చేయాలి. మధ్య మధ్యలో అర కిలోమీటరు నడపాలి. చివర్లో బ్రేకు ముట్టకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లార్చాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు మొరటుగా తొక్కకూడదు. ఇది బిగించినవాళ్లే చేసి ఇవ్వాలి, లేదా చెప్పి పంపాలి. చెప్పకపోవడం మావాళ్ల తప్పే.

ప్ర: మేం మిషిగన్‌లో ఉంటాం. ఇక్కడ కూలీ ఎక్కువని బ్రేకులు నేనే మార్చుకుంటున్నాను. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లడం వల్ల డిస్కులు తొందరగా తుప్పు పడుతున్నాయి. ఏవి కొనాలి? ప్యాడ్ల డబ్బా మీద మూడు ఆకుల గుర్తు ఏమిటి?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అమెరికా

జ: మీరు పూత వేసిన డిస్కులే కొనండి. జింకు, అల్యూమినియం రేకుల పూత టోపీ భాగాన్నీ, అంచునూ, గాలి సందులనూ కాపాడుతుంది. ప్యాడ్ రాసే చోట పూత మొదటి కొన్ని బ్రేకులకే పోతుంది, అది పోవాల్సిందే. మొత్తం వెండిలా మెరిసే డిస్కు, ముఖానికి మాత్రం పూతలేని డిస్కు, రెండూ మంచివే. పూతలేని డిస్కుకు నూనె పూసి వస్తుంది. బ్రేకు క్లీనర్‌తో రెండు పక్కలా తుడవకుండా బిగిస్తే ప్యాడ్లు నూనె తాగి పాడవుతాయి.

ఉప్పు ఊళ్లలో డిస్కు కంటే ముందు ఇబ్బంది పెట్టేది ప్యాడ్ కూర్చునే బ్రాకెట్. స్టీలు క్లిప్పుల కింద తుప్పు ఉబ్బి ప్యాడ్ చెవులను నొక్కేస్తుంది. ప్యాడ్ వెనక్కు రాదు, రోజంతా రాసుకుంటూ ఉంటుంది. క్లిప్పులు తీసి కింద గీకి, కొత్త క్లిప్పులు వేయండి. కాలిపర్‌ను గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో కట్టుకోండి. జాకీ మీద నమ్మకంతో కారు కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టండి. వెనక ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే పిస్టన్‌ను బలవంతంగా నొక్కకండి, ముందు స్కానరుతోనో మాన్యువల్లో చెప్పిన పద్ధతిలోనో సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. లేదంటే మోటారు విరుగుతుంది.

మూడు ఆకులు రాగికి సంబంధించినవి. ప్యాడ్ల పొడిలోని రాగి వానతో కాలువల్లోకి చేరి సాల్మన్ చేపలకు వాసన పట్టే శక్తిని దెబ్బతీస్తోందని తేలాక, 2010లో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. 2021 నుంచి బరువులో 5 శాతం లోపు, 2025 నుంచి 0.5 శాతం లోపు రాగి ఉండాలి. మూడు ఆకులూ నిండి, ప్యాడ్ అంచున ‘ఎన్’ అక్షరం ఉంటే రెండో హద్దుకు లోబడిందన్నమాట. అది కొనండి.

ప్ర: ఎలక్ట్రిక్ కారు, రెండేళ్లయింది. ప్యాడ్లు కొత్తవాటిలాగే ఉన్నాయి, డిస్కులు మాత్రం ఎర్రగా తుప్పు పట్టాయి. మార్చాలా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

జ: వాన వెలిశాక, కారు కడిగాక వచ్చే ఎర్రటి పొర నాలుగు బ్రేకులకు పోతుంది, దానికి కంగారు అక్కర్లేదు. మీ కారులో మోటారే వేగం తగ్గిస్తూ బ్యాటరీకి చార్జి పంపుతుంది కాబట్టి బ్రేకులకు పని పడటం లేదు. సముద్రపు గాలికి తుప్పు పొర గట్టిపడుతోంది. వారానికోసారి ఆ మోటారు బ్రేకింగును (రీజెన్) తగ్గించి, వెనక బండ్లు లేని చోట పది పన్నెండు సార్లు బ్రేకు గట్టిగా తొక్కండి. అలా చేసినా ముఖం మీద గుంటలు మిగిలితే, ప్యాడ్ సగం మేరే తాకుతుంటే అప్పుడు మార్చాలి. స్లైడ్ పిన్నులు మాత్రం ఏడాదికోసారి విప్పించండి. వాడని కీలు బిగుసుకుపోతుంది.

ప్ర: అన్నా, నేను గ్యారేజీలో చేరి ఏడాదైంది. బ్రేకు పని వస్తే గాలి గన్నుతో పొడి ఊదమంటారు. ముఖమంతా నల్లగా అవుతుంది, రాత్రి దగ్గు. దీనివల్ల ఏమన్నా అవుతుందా?
– ఒక కుర్రాడు, ఒంగోలు

జ: తమ్ముడూ, నీ ఉత్తరానికే ముందు జవాబు రాశాను, అచ్చులో చివర వస్తోంది. ఇక గాలి గన్ను పట్టుకోకు. ఆ పొడిలో ఏ పదార్థం ఉందో డబ్బా లేని ప్యాడ్‌కు ఎవరూ చెప్పలేరు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని నార ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్లీ బయటికి రాదు, జబ్బు ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఆస్‌బెస్టాస్ లేని పొడి అయినా సన్నటి లోహపు ధూళే.

చక్రం విప్పాక కింద ఒక తట్ట పెట్టు. బ్రేకు క్లీనర్ గానీ సబ్బునీళ్లు గానీ పిచికారీ చేసి, తడి మీదే గుడ్డతో తుడిచెయ్. ఆ గుడ్డ సంచిలో కట్టి పారెయ్. డ్రమ్ము విప్పినప్పుడు ఇంకా జాగ్రత్త, పొడంతా లోపలే పేరుకుని ఉంటుంది. ముక్కుకు చేతిరుమాలు చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకో. ఇంటికి వెళ్లే ముందు బట్టలు మార్చుకో, ఆ చొక్కాతో చిన్నపిల్లల్ని ఎత్తుకోకు. నెల రోజులైనా దగ్గు తగ్గకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో ఛాతీ డాక్టరుకు చూపించి, ఏ పని చేస్తావో చెప్పు. గ్యారేజీ యజమానులకు నా విన్నపం: ఈ కుర్రాడి ఉత్తరం మీ షెడ్డులో చదివి వినిపించండి, ఒక డబ్బా మాస్కులు కొని గోడకు తగిలించండి.

పాఠకులకు ఒక మాట. బ్రేకుల గురించి రాసేటప్పుడు కారు మోడలు, తయారైన సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లతో పాటు డిస్కు మీది కనీస మందం, మీరు కొలిచిన మందం, నాలుగు ప్యాడ్లలో మిగిలిన మందం విడివిడిగా రాయండి. ప్యాడ్ 3 మిల్లీమీటర్లకు వచ్చి ఉంటే నా జవాబు కోసం చూడకుండా ముందు మార్పించేయండి.